వాయిదా పడని పేషీ

నా లోపల ఒక అబద్ధం ఉంది. అది నాతోపాటే ముసలిదైంది. కట్టుకున్న మనిషికి చెప్పలేదు. కన్న కూతురికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక్కటే అడుగుతాను. నన్ను ఓదార్చకండి. అప్పుడు చిన్నదానివి కదా అనకండి. ఆ మాట నాకు నేనే లెక్కలేనన్ని సార్లు చెప్పుకున్నాను. ఇరవై ఆరేళ్లు నిండి, సర్కారు జీతం తీసుకుంటూ, పిల్లల పలకల మీద తప్పులు దిద్దే ఆడది చిన్నది ఎట్లా అవుతుంది?

ఇన్నేళ్లు ఊరుకొని ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, నాకు కోపం వచ్చింది. మొన్న మనవరాలు ఇంటికి వచ్చింది. వినోదాల పార్కులు ఎట్లా కట్టాలో గీసి ఇచ్చే కంపెనీలో దానికి ఉద్యోగం. హైదరాబాదు బయట కొత్త పార్కు కడుతున్నారట. అందులో ఒక మూల గోండు గూడెం. కంప్యూటర్ తెరిచి చూపించింది. మట్టిరంగు పూసిన సిమెంటు గుడిసెలు. వాటి నడుమ హోటల్. హోటల్ గుమ్మంలో నెమలి ఈకల కిరీటం పెట్టుకొని పళ్లికిలిస్తున్న గుస్సాడీ బొమ్మ, చేతిలో ఐస్‌క్రీం.

గుస్సాడీ ఎవరో మీకు తెలియకపోవచ్చు. దీపావళి రోజుల్లో గోండు మగవాళ్లు నెమలి కిరీటం ధరించి, ఒంటికి బూడిద పూసుకొని ఆడతారు. ఆ రోజుల్లో వాళ్లు మనుషులు కారు. దేవుడు వాళ్ల మీద ఉంటాడు. పండుగ ముగియగానే కిరీటాన్ని పూజచేసి లోపల పెడతారు. మళ్లీ ఏడాది దాకా దాన్ని ముట్టరు.

"అమ్మమ్మా, నువ్వు అటుదిక్కు పనిచేసినవు గదా, జర చెప్పు. మెనూల జొన్న గట్క పెడ్తే జనం తింటరా? ఇంకోటి, గీ బొమ్మకు పర్మిషన్ ఎవరిని అడగాలె? కార్టూన్ బొమ్మయితే కంపెనీకి పైసలు కట్టి తెచ్చుకుంటం. దీనికి ఓనర్ ఎవరు లేరు గదా?" అంది.

"లే. నా ఇంట్లకెల్లి లేచి పో" అన్నాను.

పిల్ల బిత్తరపోయింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. కంప్యూటర్ మూసుకొని వెళ్లిపోయింది. నేను కూర్చున్నాను. ఎవరి మీద ఈ కోపం? అది కనీసం పర్మిషన్ ఎవరిని అడగాలని అడిగింది. మేము అడగలేదు. అడగకపోవడం ఒక్కటే అయితే నేను ఈ కాగితం ముందు కూర్చునేదాన్ని కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడో ఏడు. నేను ఆసిఫాబాద్ అవతల ఒక గోండు గూడెంలో బడిపంతులమ్మను. పుట్టిల్లు కరీంనగర్. ఆ ఏడు శివరాత్రి రోజుల్లో కరీంనగర్‌లో పదకొండు రోజుల నుమాయిష్, అంటే ఎగ్జిబిషన్, పెట్టాలని పట్నం పెద్దలు కొందరు కమిటీ వేసుకున్నారు. గోండులు తెలిసినదాన్నని, లెక్క తప్పని మనిషినని నన్నూ చేర్చుకున్నారు. తొమ్మండుగురు మగవాళ్ల నడుమ నేనొక్కతే ఆడదాన్ని. అది నాకు ఎంత గొప్పగా ఉండేదో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

అధ్యక్షుడు ఒక కంట్రాక్టరు. నుమాయిష్‌లో ఏది ఎక్కడ ఉండాలో ఆయన ఇంటి వసారాలో, టీ కప్పుల మధ్య తేలిపోయేది. ఒక పక్క అడవి కనబడాలన్నారు. అడవి అంటే గూడెం, గూడెం అంటే నిజమైన గోండులు. వాళ్లు గుడిసెల ముందు కూర్చొని జొన్న సంకటిలాంటి గట్క వండుకుంటుంటే జనం తాడు ఇవతల నిలబడి చూడాలి. ఆ గట్క జనానికి అమ్ముదామా అని ఒకాయన అడిగాడు.

"ఎవడు తింటడయ్యా! చూసెటందుకు గట్క, తినెటందుకు పూరీ. గంతే" అన్నాడు అధ్యక్షుడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పూరీల హోటల్ ఆయన బావమరిదికి దక్కింది.

తర్వాత గేటు సంగతి. గేటుకు రెండు పక్కలా గుస్సాడీలు నిలబడాలన్నారు. దీపావళి దాటితే కిరీటం బయటికి తీయరని చెప్పాను. అంతవరకు నిజమే చెప్పాను.

"అయితే మనమే చేపిద్దాం. ఎవలిని అడగాలె? దేవునికి రిజిస్ట్రీ ఉన్నదా పంతులమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

బ్యాండు మేళంలో వాయించే ఇద్దరికి అట్ట కిరీటాలు కట్టించి, బూట్లతోనే గేటు దగ్గర నిలబెట్టారు. ఆ అట్టకు ఈకలు ఏ వరుసలో గుచ్చాలో బొమ్మ గీసి ఇచ్చింది నేనే. సరిగ్గా ఉండాలి కదా. నాకు అన్నీ సరిగ్గా ఉండాలి!

గూడెం నుంచి ఆరు కుటుంబాలను తీసుకొచ్చాను. వాళ్ల పెద్ద జంగు పటేల్. అప్పటికి యాభై దాటినవాడు, మితభాషి. నేను అడిగితేనే వచ్చాడు. నా మీద వాళ్లకు నమ్మకం ఎందుకంటే, సర్కారు కచేరీ నుంచి ఏ కాగితం వచ్చినా చదివి చెప్పేది నేను. ఇంగ్లీషు తారీఖును వాళ్ల పండుగల లెక్కలోకి మార్చి చెప్పేదాన్ని. పున్నం అయినంక ఆరో దినం, పొలాల అమాస ముందటి దినం, అట్లా. ఒక్కసారీ తప్పలేదు.

ఆ ఏడు అటువైపు అడవి హద్దులు కొత్తగా గీస్తున్నారు. ఆ ఆరు కుటుంబాలు దున్నుకునే భూమి హద్దు లోపల కలుస్తుందా, బయట వాళ్లకే ఉంటుందా అన్నది కచేరీలో విచారణకు వచ్చింది. ఆ విచారణనే వాళ్లు పేషీ అంటారు. సాగులో ఉన్నవాళ్లు ఆ రోజు అధికారి ముందు నిలబడి మాది అని చెప్పుకోవాలి. రాకపోతే హక్కు లేనట్టే. ఆ కాగితం చదివింది నేనే. శివరాత్రి అయినంక నాలుగో దినం పేషీ అని చెప్పింది నేనే.

నుమాయిష్ అప్పటికి ముగిసిపోవాల్సింది. మంత్రిగారికి వీలుపడక వారం ఆలస్యంగా మొదలుపెట్టారు. మంత్రి వచ్చేది ఆఖరి రోజు. పేషీ తొమ్మిదో రోజున పడింది. ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. మధ్యలో పంపిద్దాంలే అనుకున్నాను. అధ్యక్షుణ్ని అడిగితే, "మంత్రి వచ్చినప్పుడు ఖాళీ గుడిసెలు చూపిస్తవా? ఆఖరి దినం దాక ఉంటరని నువ్వే గద మాటిచ్చినవు. ఆడోళ్ల మాట గింతేనా?" అన్నాడు. అంత చిన్న మాట. అది నాకు గుచ్చుకుంది. ఆరు కుటుంబాల బతుకు ఒకవైపు, తొమ్మండుగురు మగవాళ్ల ముందు నా మాట ఒకవైపు. నేను ఏది ఎంచుకున్నానో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

పటేల్ ఆ గేటు గుండా ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. బూట్లు తొడుక్కున్న ఆ ఇద్దరినీ చూడటం ఇష్టం లేక, వెనకవైపు తడిక సందులోంచి వంగి వచ్చేవాడు. నాతో ఆ సంగతి ఎత్తలేదు. జనం తాడు మీద వాలి, "అగో, తింటున్నరు చూడు" అని పిల్లలను భుజాలకెత్తి చూపించేవాళ్లు. ఒకడు పూరీ ముక్క విసిరాడు. మనిషి ముందుకు మనిషి తిండి విసిరాడండీ! పటేల్ భార్య మాన్కుబాయి దాన్ని చూసింది, చీపురుతో పక్కకు ఊడ్చింది, మళ్లీ వంట చూసుకుంది. నేను ఆ తాడుకు ఇవతల, జనం వైపు నిలబడి ఉన్నాను.

ఏడో రోజు మధ్యాహ్నం పటేల్ నన్ను పిలిచాడు. మా గూడెంలో పంతులమ్మను బాయి అంటారు.

"బాయీ, రేపు నెలవంక కనబడ్తది. ఎల్లుండే గద పేషీ. రేపు పొద్దుగాల బస్సెక్కుతం. పెద్దపల్లిల రైలు దొరికితే మాపటికి చేరుకుంటం."

"అక్కర లేదు పటేలా. పేషీ వాయిదా పడ్డది" అన్నాను.

"ఎప్పుడు?"

"నిన్న ఖబరొచ్చింది. కాముని పున్నం అయినంక పెట్టిన్రట."

"గట్లనా. మరి మా పోరగాళ్లు నిన్నటి సంది సర్దుకుంటున్నరు. నేనే తొందరజేసిన" అని నవ్వాడు. మాన్కుబాయి లోపలినుంచి గోండిలో ఏదో అడిగింది. ఆమెకు తెలుగులోనే, నాకు వినబడేటట్టు జవాబిచ్చాడు. "బాయి చెప్పినంక ఇంక ఫికరేంది? మూట ఇప్పు."

మూట విప్పారు. ఆ చప్పుడు చాలా చిన్నది.

అప్పటికీ సమయం ఉంది. ఆ సాయంత్రం చెప్పి ఉండొచ్చు, మర్నాడు చెప్పి ఉండొచ్చు. తాడు దగ్గరికి రెండుసార్లు వెళ్లాను కూడా. వెళ్లి ఏమన్నానో తెలుసా? గుడిసె ముందు ముగ్గు సరిగ్గా లేదు, మళ్లీ వేయించమన్నాను. ఆఖరి రోజున మంత్రి వచ్చి గూడెం ముందు ఆగింది ఎంతసేపో నాకు తెలుసు, లెక్క పెట్టాను, రాయడానికి సిగ్గేస్తోంది. బాగుంది అన్నాడు. హోటల్లో పూరీ తిన్నాడు. వెళ్లిపోయాడు.

ఇంతవరకు చెప్పింది ఒక అబద్ధం. రెండోది దీనికంటే పెద్దది.

తిరిగి వెళ్లిన వారంలోపే గూడేనికి తెలిసింది, హాజరు కానందుకు ఆ ఆరు కుటుంబాల భూమి అడవిలో కలిసిందని. పటేల్ నేరుగా బడికి వచ్చాడు. నా మీద కోపంతో కాదు. కచేరీ మీద కోపంతో.

"వాయిదా అని చెప్పి మోసం చేసిన్రు బాయీ. నువ్వొచ్చి సార్‌కు చెప్పు. నీ మాట కాదనరు" అన్నాడు.

వెళ్లాను. దారి పొడుగునా నిజం చెబుదామనుకుంటూనే వెళ్లాను. ఆ అధికారి మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించాడు. పటేల్ నిలబడ్డాడు, వెనక గూడెం మగవాళ్లు నిలబడ్డారు.

"అమ్మా, మేము వాయిదా వేయలేదు. వీళ్లేమో మీరు చెప్పారంటున్నారు" అన్నాడు అధికారి.

ఉద్యోగం పోతుందనిపించింది. కరీంనగర్‌కు బదిలీ చేయిస్తానని కంట్రాక్టరు మాటిచ్చి ఉన్నాడు, అది పోతుందనిపించింది. ఇవన్నీ నిజమే కానీ అసలుది ఇంకొకటి. నా లెక్క తప్పదన్న పేరు పోతుందనిపించింది.

"నేను శివరాత్రి అయినంక నాలుగో రోజనే చెప్పాను. వీళ్లకు తారీఖులు తెలియవు. రోజులు లెక్క తప్పి ఉంటారు" అన్నాను.

వెనకవాళ్లలో ఒకడు, "అబద్ధం!" అని అరిచాడు. పటేల్ చెయ్యెత్తి అతన్ని ఆపాడు. నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో, దానికి మాత్రం నా దగ్గర లెక్క లేదు. తర్వాత అధికారి వైపు తిరిగి, "అవు సార్. బాయి సరిగనే చెప్పింది. నేనే లెక్క తప్పిన" అన్నాడు.

ఎందుకన్నాడు? నా మాట మీద నమ్మకంతో తన కళ్లనే, తన నెలవంకనే అనుమానించాడా? లేక అంతా తెలిసి, పదిమంది మగవాళ్ల ముందు ఒక ఆడమనిషి పరువు పోగూడదని తన మీద వేసుకున్నాడా? మొదటిదైతే నేను ఆయన బుద్ధిని దొంగిలించాను. రెండోదైతే ఆయన నాకు పెట్టిన భిక్షతో నేను ఇన్నేళ్లు గౌరవంగా బతికాను. రెండింటిలో ఏది నాకు తక్కువ సిగ్గు? ఏళ్ల తరబడి అటూ ఇటూ తిప్పి చూశాను. తేలలేదు.

ఆ వేసవిలో ఆరు కుటుంబాలూ ఎడ్లబండ్లు కట్టుకొని ప్రాణహిత నది దాటి, ఇప్పటి మహారాష్ట్రలోని చాందా వైపు పోయాయి. నాకు జూన్‌లో కరీంనగర్‌కు బదిలీ వచ్చింది. తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. రిటైరైనప్పుడు శాలువా కప్పి, తారీఖులు, లెక్కలు ఏనాడూ తప్పని మనిషి అని ప్రసంగాలు చేశారు. విని చేతులు జోడించాను.

నదికి అవతల ఆయన్ను వెతకవచ్చు కదా అంటారు. వెతకలేదు. మొదట భయం, తర్వాత సంసారం, తర్వాత ఇంకా బతికి ఉంటాడా అన్న సాకు. సాకులు కూడా నా దగ్గర వరసగా, తేదీలవారీగా ఉన్నాయి.

మనవరాలికి ఇంకా ఫోను చేయలేదు. చేస్తే, పర్మిషన్ ఎవరిని అడగాలన్న దాని ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఎవరిని అడగాలో చెప్పగలిగిన మనుషులను నదికి అవతలికి తరిమింది మీ అమ్మమ్మే అని చెప్పాలి. దానికి చెప్పే ధైర్యం ఇవాళ లేదు. మీకు చెప్పే ధైర్యం మాత్రం ఉంది.

ఆ రోజు కచేరీలో, కుర్చీలోంచి లేచి చెప్పవలసింది ఇంతే. పేషీని ఎవరూ వాయిదా వేయలేదు. జంగు పటేల్ రోజులు సరిగ్గానే లెక్కపెట్టాడు. నాకు తారీఖు తెలుసు. తెలిసి, ఆయన ముఖం చూస్తూ, అబద్ధం చెప్పాను.