మ్యాపు మూల జారకుండా

సముద్రాల అవతల జరిగిన ఆ యుద్ధాన్ని మొదలుపెట్టింది మంత్రులూ కాదు, సేనాపతులూ కాదు. గుండుసూదులక్క. అది కూడా పొద్దున్నే ఆఫీసుకొచ్చి, టిఫిను డబ్బా కిటికీలో పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకునేలోపు. ఒట్టు. లావుపాటి పుస్తకాల్లో వేరే కారణాలు రాసి ఉంటాయి. రాసినవాళ్ళెవరూ ఆ గదిలో లేరు. ఇది చెబుతున్నవాళ్ళూ లేరనుకోండి, కానీ చెప్పడానికి ఉండి తీరాలని ఎక్కడుంది?

యుద్ధ కార్యాలయం రెండో అంతస్తులో మ్యాపుల గది ఆవిడది. ఒక గోడ నిండా ప్రపంచం, దాని ముందు ఒక కుంటి స్టూలు, స్టూలు పక్కన సూదుల డబ్బాలు. నీలం తల సూదంటే మన సైన్యం. ఎర్ర తలంటే శత్రువు. తెల్ల తలకి అర్థమేమీ లేదు, కాగితం పట్టుకోవడానికి. పైనుంచి కబురొస్తే స్టూలెక్కి గుచ్చడం, కబురొస్తే పీకడం, అదే ఉద్యోగం. ప్రపంచాన్ని వేళ్ళ మీద ఆడించే మనిషే గానీ, ఇంట్లో ఆవిడ మాట తమ్ముడు కూడా వినడు.

తమ్ముడంటే వట్టి తమ్ముడు కాదు. అమ్మ పోయాక ఒళ్ళో పెట్టుకుని పెంచుకున్నవాడు. ఇప్పుడు సైన్యంలో లారీ నడుపుతున్నాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఏడిపిస్తాడు.

"అక్కా, నీ గోడ మీద నన్నెక్కడ గుచ్చావే?"

"నోర్ముయ్యరా. నీ ఒంటికి సూది చాలదు, మేకు కావాలి."

అలా అంటుందే గానీ, నీలం సూది పట్టుకున్నప్పుడల్లా వీడి బండి అటు వెళ్ళకుండా ఉంటే చాలు అనుకుంటుంది.

ఆ ఏడు వానలు ముదిరి, గోడకి చెమ్మెక్కి, మ్యాపు కింది మూల ఊడి వేలాడింది. మేకు కొట్టడానికి వీల్లేదు. ప్రభుత్వ గోడకి మేకు దిగాలంటే మరమ్మతుల శాఖ ఒప్పుకోవాలి, వాళ్ళు ఒప్పుకునేలోపు ప్రపంచం మొత్తం నేల మీదుంటుంది. తెల్ల సూదులు చూస్తే నిండుకున్నాయి. చేతికందినవి నీలంవి. టకటకా మూడు గుచ్చేసింది. తెల్లవి రాగానే మార్చేయొచ్చులే అనుకుంది. ఆ మూలలో సూది తలంత దేశం ఒకటి ఉందని చూసుకోలేదు.

అంతలోనే కర్రదొర ఊడిపడ్డాడు. ఆయన అందరికంటే పెద్ద సేనాధికారి. చేతిలో ఎప్పుడూ నున్నటి కర్ర ఒకటుంటుంది, దాంతో దేశాలను పొడుస్తూ మాట్లాడతాడు గనక ఆఫీసంతా చాటుగా పెట్టుకున్న పేరది. కర్ర కొస ఆ మూలకొచ్చి ఆగింది.

"ఇక్కడ మనవాళ్ళున్నారా?"

అడిగింది వెనక నిలబడ్డ సహాయకుణ్ణి. ఆ ఆఫీసులో "తెలీదు" అన్న మాట అన్నవాడు పై మెట్టెక్కకుండా అదే కుర్చీలో ముసలివాడైపోతాడు. సహాయకుడు గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నారు సార్. పరిస్థితి గమనిస్తున్నారు."

"ముగ్గురేనా?"

"ప్రస్తుతానికి సార్."

"ఎవరు పంపారు?"

"మీరే సార్."

కర్రదొర గెడ్డం నిమురుకున్నాడు. తను పంపాడంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. "మంచి పని చేశాను," అన్నాడు.

"అయ్యా, అవి..." అని అక్క నోరు తెరిచింది.

"మీరుండండమ్మా!" అని సహాయకుడు కళ్ళురిమాడు.

సూదులు పీకేస్తే పోయేదే. కానీ దొరగారు చూసిన సూదిని పీకడమంటే దొరగారి కన్ను పీకడమే. దానికంటే మనుషుల్ని పంపడం తేలిక. వారం తిరక్కుండా ముగ్గురు సలహాదారులు ఓడెక్కారు. ఎవరికి సలహా ఇవ్వాలో వాళ్ళకి తెలీదు, అడిగినవాళ్ళు అక్కడ లేరు.

నీళ్ళు పడక ముగ్గురికీ కడుపులు చెడ్డాయి. ఒక డాక్టరు వెళ్ళాడు. డాక్టరుకి కాపలా వెళ్ళింది. కాపలావాళ్ళు గాలి భోంచేయరు గదా, వంటవాళ్ళు వెళ్ళారు. సరుకు రావాలంటే రోడ్డు కావాలి, ఆ రోడ్డు ఎవడి పొలం మధ్యనుంచో పోయింది, ఆ పొలంవాడు రాయి విసిరాడు. రాయి తగిలింది రోడ్డు రోలరుకి. దానికి చీమ కుట్టినట్టయినా లేదు గానీ, ఇక్కడ మన సభలో బొప్పి కట్టింది. "ఇంత మహాదేశం మీద రాయా?" అని మంత్రి బల్ల గుద్దాడు. మర్నాడు మొదటి ఎర్ర సూది దిగింది. అది ఆ పొలంవాడు.

ఎర్రవి పెరిగాయి, వాటికి పోటీగా నీలంవి పెరిగాయి. మూల ముళ్ళపందిలా తయారైంది. ఇక జారే ప్రసక్తే లేదు.

ఉండబట్టలేక అక్క సెక్షను పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన టీ ఊదుకుంటున్నాడు.

"అయ్యగారూ, ఆ మొదటి మూడూ మ్యాపు జారకుండా నేను గుచ్చినవండీ. అప్పుడక్కడ మనవాళ్ళెవరూ లేరు."

"ఇప్పుడున్నారా?"

"ఉన్నారండీ."

"మరి మ్యాపు సరిగ్గానే ఉంది కదమ్మా!"

"అది కాదండీ, ఇప్పుడైనా వెనక్కి పిలిపిస్తే..."

"ఎవరు పిలుస్తారు? పంపడానికి కారణం అక్కర్లేదు తల్లీ. పిలవాలంటే కావాలి." ఆయన మళ్ళీ టీ ఊదుకున్నాడు.

ఇంటికెళ్ళేసరికి తమ్ముడు మంచం మీద చొక్కాలు పరిచి సంచి సర్దుకుంటున్నాడు.

"లారీలు కావాలట అక్కా, ఓడలో ఎక్కిస్తారట. ఆ దేశం పేరు నోరు తిరగట్లేదు. నీకు తెలుసుగా, ఎక్కడుంటుందది?"

"కింది మూల," అంది ఆవిడ. "వెళ్ళకురా."

"వెళ్ళకపోతే జైల్లో పెడతారే. గోడ దగ్గర నువ్వున్నావుగా, నాకేం భయం? కాస్త నీడున్న చోట చూసి గుచ్చు."

నాలుగు రోజులకు లారీల దళం కబురు రానే వచ్చింది. అక్క నీలం సూదితో స్టూలెక్కింది. కింద మంత్రి, కర్రదొర, సహాయకుడు.

"అక్కడ కాదమ్మా, ఇంకా ముందుకి," అని కర్రదొర కర్రతో చూపించాడు. ముందంటే ఎర్ర సూదుల నడుమ.

అప్పుడు చూడాలి అక్కని! సూది విసిరికొట్టి, మ్యాపుని రెండు చేతులా పట్టి ఒక్క లాగు లాగింది. ఖండాలకు ఖండాలు, సముద్రాలకు సముద్రాలు పెళపెళమంటూ వచ్చి కర్రదొర నెత్తిన పడ్డాయి. ఆయన లోపలినుంచి "వెనక్కి! అందరూ వెనక్కి!" అని కేకలు పెట్టాడు. దొరగారి నోట వచ్చిందంటే ఆజ్ఞే గదా, సహాయకుడు పరిగెత్తి తంతి కొట్టించాడు. నడిసముద్రంలో ఓడలు తిరుగుముఖం పట్టాయి. పొలంవాడు రోడ్డు దున్నుకుని విత్తనాలు చల్లుకున్నాడు. తమ్ముడు గుమ్మంలో సంచి పడేసి, "అక్కా, ఆకలే!" అన్నాడు.

ఇదంతా రాసుకెళ్ళి చదివి వినిపిస్తే గుండుసూదులక్క ఉల్లిపాయ తరగడం ఆపలేదు, తలెత్తలేదు.

"మ్యాపు పడలేదు. ఆయన చూపించిన చోటే గుచ్చాను. వాడింకా అక్కడే ఉన్నాడు."