నిండు ట్యాంకరు కింద జాకీ

ఆ మధ్యాహ్నం మట్టిరోడ్డు మీద ఉన్నవాళ్ళం: మా నాయన, మా మేనమామ, నేను, కాస్త దూరంగా తుమ్మచెట్టు నీడలో ఒక ముసలి గొర్రెల కాపరి, ఆయన మంద. ఉన్న వస్తువులు: ట్రాక్టరు, దాని వెనక అయిదు వేల లీటర్ల నీళ్ళ ట్యాంకరు, రెండు స్పానర్లు, సుత్తి, కొత్త యూ బోల్టు, నీళ్ళు వదిలే పొడవాటి పైపు, ఒక బండపలక, ఆ పలక మీద నిలబెట్టిన పాత స్క్రూ జాకీ. ట్యాంకరు అంచుదాకా నిండి ఉంది.

శింగనమల దాటి మా ఊరి దారి పట్టాక యూ బోల్టు విరిగింది. ఇరుసునూ దాని మీద కుదుపులు ఓర్చే కమాన్ పట్టీలనూ కలిపి బిగించే వంపు కమ్మీ అది. మార్చాలంటే ట్యాంకరును ఒక పక్కన ఎత్తి, పట్టీలకూ ఇరుసుకూ మధ్య సందు చేయాలి. ఇంకెక్కడైనా అయితే ముందు నీళ్ళు వదిలేసి, ఖాళీ ట్యాంకరును ఎత్తుతారు. మా వైపు ఎత్తరు. బోరు నీళ్ళను దారిలో నేలపాలు చేస్తే ఆ బోరు అలిగి దుమ్ము కక్కుతుందని ట్యాంకర్లు తోలేవాళ్ళ నమ్మకం. అందుకని ఏం విరిగినా నిండు ట్యాంకరునే జాకీ మీదికి ఎత్తుతారు.

మామ జాకీ కడ్డీ తిప్పాడు. చాసిస్, అంటే ట్యాంకు కింది ఇనుప చట్రం, కిర్రుమంటూ లేచింది. సందు నాలుగు వేళ్ళంత అయ్యాక నాయన వెల్లకిలా కిందికి జరిగి, ఎడమ చెయ్యి మోచేతిదాకా ఆ సందులో పెట్టి బోల్టును కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. నేను జాకీ పక్కన గొంతుక్కూర్చున్నాను.

"ఏమప్పా ఇంజనీరూ, జాకీకి కాపలా కాస్తాండావా?" అన్నాడు మామ. "అది మీ తాత లారీని ఎత్తినాది. దానికి నువ్వు పాఠాలు చెప్పేదేమీ లేదులే."

నేను కాపలా కాయడం లేదు. స్క్రూ మీది నల్లటి గ్రీజులో పసుప్పచ్చటి పొడి కనిపిస్తే దాన్ని చూస్తున్నాను.

"మామా, ఈ పచ్చగుండేది ఏంది?"

"పసుపు. దసరాకు పూజ చేసినాము కదా, యాడికి పోతాది?"

వేలితో తీసి నలిపాను. పసుపు అయితే మెత్తగా పాముకుపోవాలి. ఇది వేళ్ళకు గుచ్చుకుంది, ఎండలో తళుక్కుమంది. జాకీ స్క్రూ ఉక్కుది. అది తిరిగే నట్టు గన్‌మెటల్, అంటే ఇత్తడిలా పచ్చగా ఉండే లోహం. ఆ పొడి నట్టు లోపలి త్రెడ్లది, అంటే మరచుట్లది. ఎత్తిన ప్రతిసారీ అవి అరిగి రాలుతున్నాయి. ఎన్నాళ్ళుగానో మావాళ్ళు దాన్ని పసుపనుకుని, దాని మీదే మళ్ళీ పసుపు పెడుతూ వచ్చారు.

భయం వేస్తే నేను లెక్క వేస్తాను. అది ధైర్యం కాదు, అలవాటు. ట్యాంకు, చాసిస్ కలిపి పదిహేను వందల కిలోలు, నీళ్ళు అయిదు వేలు. అవతలి చక్రం మీదా ట్రాక్టరు కొక్కెం మీదా పడేది పోగా జాకీ మోసేది మూడు వేలు, అంటే ముప్పై వేల న్యూటన్లు. స్క్రూ వెలుపలి వ్యాసం నలభై నాలుగు మిల్లీమీటర్లు, లోపలిది ముప్పై ఆరు. ఒక్కో త్రెడ్డు మీద బరువు ఆనే చోటు అయిదు వందల చదరపు మిల్లీమీటర్లు. నట్టు ఎత్తును బట్టి అందులో ఎనిమిది త్రెడ్లుండాలి. ఎనిమిదీ మోస్తే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు ఏడున్నర న్యూటన్లు. గన్‌మెటల్ పదిహేను దాకా ఓర్చుకుంటుందని చదువుకున్నాను. నాలుగే మిగిలి ఉంటే సరిగ్గా పదిహేను. రెండే అయితే ముప్పై. ఎన్ని మిగిలాయో బయటినుంచి చూస్తే తెలియదు. ఆ ఒక్క అంకె తప్ప మిగతావన్నీ నా దగ్గర ఉన్నాయి.

"నాయనా, బయటికి రా. జాకీ బాగలేదు."

"బోల్టు సగం కూచున్నాది. ఇప్పుడొదిలితే మళ్ళా మొదట్నించీ."

"చెయ్యన్నా తియ్యి!"

అప్పుడు జాకీలో 'టక్' మని చిన్న చప్పుడైంది. చాసిస్ కిందికి దిగింది. ఎక్కువ కాదు, రెండు వేళ్ళంత.

నాయన అరవలేదు. మామూలు గొంతుతోనే, "రేయ్, చెయ్యి ఇరుక్కున్నాది" అన్నాడు.

మామ కడ్డీ మీదికి దూకాడు. నేను రెండు చేతులా ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"తిప్పద్దు మామా! ఇంత బరువు మీద తిప్పితే ఉండే త్రెడ్లు కూడా తెగతాయి!"

"మరి ఊరికే చూస్తా నిల్చోమంటావా?"

దొరికిన రాళ్ళను చాసిస్ కింద దూర్చాను. అన్నీ గుండ్రాళ్ళే. దొర్లిపోయాయి. ఇక మిగిలింది బరువు తగ్గించడమే. ట్యాంకరు వెనక వాల్వు దగ్గరికి పరుగెత్తి, దాని మీద చెయ్యి వేసి ఆగిపోయాను. వాల్వు సరిగ్గా జాకీ పక్కన ఉంది. అక్కడే వదిలితే పలక కింది మట్టి నానుతుంది, పలక ఒరుగుతుంది, జాకీ పడిపోతుంది. పైపు తగిలించి దూరంగా లాక్కుపోవాలి. పైపు మూతిని వాల్వుకు ఎక్కించడం మొదలుపెట్టాను.

"నీళ్ళు వదుల్తాండావా?" అన్నాడు మామ. ఆ స్థితిలో కూడా ఆయన గొంతు ఒక్కసారిగా తగ్గింది. "ఊర్లో ఆడోళ్ళు పొద్దున్నించీ బిందెలు వరస పెట్టినారు. బావా, ఏమంటావు?"

కిందనుంచి నాయన, "నా చెయ్యి ఒకటి పోతే ఇంగోటుండాది. బోరు ఒకటే ఉండాది" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు.

గొర్రెల కాపరి కర్ర ఊపుతూ వచ్చాడు. "ఏమప్పా మీ పంచాయితీ! పైపు ఇట్ల ఇయ్యి. ఆ గుంతలోకి వదుల్తా. నా గొర్రెలు తాగితే నేలపాలు యాడైతాది? బోరు అలిగితే నేను మాట్లాడుకుంటాలే."

వాల్వు తిప్పాను. ఆయన పైపు కొసను రోడ్డు దిగువ గుంతలో పెట్టాడు. మంద మొత్తం అరుచుకుంటూ ఒకదాని మీద ఒకటి పడి అటు పరుగెత్తింది. మామ మొహం తిప్పుకున్నాడు.

నీళ్ళు ఎంత తగ్గాయో తెలియాలి కాబట్టి స్పానరుతో ట్యాంకు గోడ మీద తట్టుతూ వచ్చాను, మెల్లగా, జాకీ అదురుతుందేమోనని ఊపిరి బిగబట్టి. నీళ్ళున్నచోట మొద్దుగా, లేనిచోట డొల్లగా మోగుతుంది. పైపు సన్నది. డొల్ల చప్పుడు నా తల ఎత్తు నుంచి భుజం దాకా రావడానికి యుగం పట్టింది.

"వేళ్ళు తిమ్మిరెక్కినాయి రా," అన్నాడు నాయన. కాసేపయ్యాక, "ఇప్పుడు తెలీడం లేదు."

మొదటి మాట కన్నా రెండోది ఎక్కువ భయపెట్టింది. నెత్తురు ఆడకపోతే వేళ్ళు ఎంతసేపు నిలుస్తాయి? అది నేను చదవలేదు. తొందరపడితే నట్టు తెగి చెయ్యి నలిగిపోతుంది, ఆగితే చెయ్యి చచ్చుబడుతుంది. సగం ఖాళీ అయినప్పుడు మామ కడ్డీ పట్టుకుని నా వైపు చూశాడు. రెండు త్రెడ్లే ఉన్నాయనుకుని లెక్క వేస్తే ఒత్తిడి ఇంకా పద్దెనిమిది. తల అడ్డంగా ఊపాను. ఆయన నన్ను బూతు తిట్టాడు. ఆ తిట్టు నాకు న్యాయంగానే అనిపించింది.

డొల్ల చప్పుడు నా నడుము దగ్గరికి వచ్చింది. నీళ్ళు పావువంతు మిగిలాయి. జాకీ మీద పన్నెండు వేల అయిదు వందల న్యూటన్లు. రెండు త్రెడ్లయితే పన్నెండున్నర. ఒకటే అయితే ఇరవై అయిదు. ఒకటే అయి ఉండకూడదని తప్ప ఇంకేమీ అనుకోలేకపోయాను.

"ఇప్పుడు తిప్పు మామా. కొంచెం కొంచెం."

ఆయన పావు చుట్టు తిప్పాడు. లోపల గరగరమంది. పచ్చటి పొడి రాలింది. ఇంకో పావు చుట్టు. చాసిస్ లేచింది. నేను నాయన చొక్కా పట్టుకుని కాచుకున్నాను. మూడో పావు తిప్పుతుండగా, "వచ్చినాది!" అన్నాడు నాయన. ఆయన్ని భుజాలు పట్టి బయటికి ఈడ్చాను. ఆయన వీపు కంకర మీద గీరుకుపోయింది, పట్టించుకోలేదు.

నాయన చెయ్యి తెల్లగా ఉంది. చూస్తుండగానే ఎర్రబడి, తర్వాత నల్లగా కమిలింది. వేళ్ళు ఆడించమన్నాను. ఆడించాడు. కాపరి గుంత దగ్గరనుంచి, "అన్నా, ఇంగ కొన్ని నీళ్ళుండాయా?" అని కేకేశాడు. మామ ఆయన్ని తిడుతూ వెళ్ళి వాల్వు కట్టేశాడు.

ఆ వారమే జాకీని అనంతపురం తీసుకుపోయి, లేత్ షాపులో నట్టును నిలువునా కోయించాను. ఆరు త్రెడ్లు కత్తి అంచులా పలచబడి స్క్రూకు తగలడమే మానేశాయి. బరువు మోసినవి రెండు.