అరవై ఓములు, ఒక గరిటె కొరివికారం

నాకు ఇరవై మూడేళ్ళున్న ఆ రోజుల్లో, లోకంలోని ప్రతి లోపానికీ ఒక అంకె ఉంటుందనీ, అది మీటరులో పట్టుబడితే చాలుననీ దృఢంగా నమ్మేవాణ్ణి. (ఇప్పటికీ నమ్ముతాను, మీటరు అంటే ఏమిటన్న విషయంలో మాత్రం కొంత ఉదారుణ్ణయ్యాను.) గుంటూరులో మాది తాతల నాటి మిరపకాయల కొట్టు. అటువంటి ఇంట పుట్టి, కొట్టు గడప తొక్కగానే తుమ్ములు లంకించుకునే ముక్కును సంపాదించుకున్నాను. వెనకగదిలో ఎవరైనా కొత్త టిక్కీ (మిరపకాయల బస్తాను మా యార్డులో అలాగే అంటారు) విప్పితే, వీధరుగు మీద నేను తుమ్మేవాణ్ణి. "వ్యాపారం చేసే ముక్కు కాదురా ఇది, పోలీసు కుక్క ముక్కు" అని నాన్న వాపోయేవారు. నేను ఎలక్ట్రానిక్స్ చదివింది విద్య మీది మమకారంతో మాత్రమే కాదు, కారానికి అందనంత దూరం పారిపోవడానికి కూడా. ఒంగోలులో పాత ఎక్స్‌కవేటర్లు బాగుచేసే షెడ్డులో చేరినప్పుడు నాన్న ఒకే ఒక షరతు పెట్టారు. "మూడు నెలలు చూస్తాను. నీ అంతట నువ్వు ఒక్క బండి బాగుచేశావని మీ సారు తన నోటితో నాకు చెప్పాలి. లేదా, కొట్లోకొచ్చి కాటా దగ్గర నిలబడు." ఆ గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా, సారు నన్ను మొదటిసారి ఒంటరిగా కొత్తపట్నం వైపు పంపించారు.

అక్కడ రొయ్యల చెరువులు తవ్వే పెద్దమనిషిని ఊరంతా 'బకెట్ బాబాయి' అనేవారు. ఆయన సెకండ్ హ్యాండులో కొన్న ప్రొక్లెయిన్‌కు ఒక విచిత్రమైన జబ్బు పట్టింది: పొద్దున మొరాయించడం, మధ్యాహ్నానికి బుద్ధిగా పనిచేయడం. ఇటువంటి బండిలో ఇంజనుకొక కంప్యూటరు, పంపుకొక కంప్యూటరు, నడిపేవాడి ఎదుట ఒక తెర ఉంటాయి. అన్నీ కలిసి, పురిపెట్టిన రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. మాట ఆగిందా, తెర మీద ఎర్ర అక్షరాలు పడతాయి. లీవరు ఎంత లాగినా బకెట్ కదలదు. బండి ఆపి ఆ రెండు తీగల మధ్య కొలిస్తే అరవై ఓములు రావాలి. బాగా తగ్గితే అవి ఎక్కడో ఒకదానికొకటి కలుస్తున్నట్టు. నేను దుమ్ము పడకుండా ముక్కుకు రుమాలు బిగించి (నాలాంటి ముక్కున్నవాడికి అది హెల్మెట్‌తో సమానం), మిట్టమధ్యాహ్నం కొలిచాను. సరిగ్గా అరవై. బండి రథంలా కదిలింది. "ఏ లోపమూ లేదండీ" అని ప్రకటించాను.

బాబాయి నన్ను ఎగాదిగా చూశారు. "పొద్దున్నేమో శవంలా పడుంది, మిమ్మల్ని చూడంగానే లేచి కూర్చుంది. మీ మొహం చూస్తే దానికి భయమంటారా ఇంజినీరు గారూ?"

బాబాయి గారి తల్లిని అందరూ మామ్మ అనేవారు. ఆవిడ నాకు అన్నం వడ్డించి, పండుమిరపకాయల్ని ఉప్పు, చింతపండు వేసి నూరిన కొరివికారం గరిటెతో మీదికి వచ్చారు. నేను విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"ఏ ఊరు నాయనా మీది?"

"గుంటూరండీ."

"గుంటూరోడివై ఉండి కారం వద్దంటావా! ఇంకెక్కడా చెప్పమాక, నవ్విపోతారు."

మర్నాడు పొద్దున బండి మళ్ళీ పడకేసిందని ఫోను. బస్సు పట్టుకుని నేను చేరేసరికి మళ్ళీ మధ్యాహ్నం, మళ్ళీ అరవై ఓములు, మళ్ళీ మామ్మ భోజనం. "మీరు బండి కోసం వస్తున్నారా, మా అమ్మ పప్పుచారు కోసం వస్తున్నారా?" అని బాబాయి నిలదీశారు. చెరువు తవ్వించుకుంటున్న ఆసామి అప్పటికే వేరే బండిని వాకబు చేస్తున్నాడట. సాయంత్రం సారు ఫోనులో, "రేపటికి తేల్చకపోతే నేనే వస్తాను. నేనొచ్చాక అది నువ్వు బాగుచేసిన బండి అవదు" అన్నారు. ఆ మాట వింటున్నంతసేపూ నా కళ్ళముందు నాన్నగారి కాటా ఊగుతూనే ఉంది. పొద్దున జబ్బును పొద్దునే చూడాలన్న జ్ఞానం అప్పుడు కలిగి, ఆ రాత్రి బాబాయి గారి వసారాలోనే పడుకున్నాను.

తెల్లవారింది. సముద్రం మీది నుంచి తడిగాలి, దానికి తోడు మంచు. తెర మీద ఎర్ర అక్షరాలు వెలుగుతున్నాయి. బండి ఆపి కొలిస్తే ముప్పై ఎనిమిది! దొంగ దొరికాడని ఎగిరి గంతేశాను గాని, దొంగ ఎక్కడున్నాడో తెలియదు. ఒక్కొక్క కంప్యూటరునూ విడదీసి చూశాను. వాటిలో దోషం లేదు. అంటే తీగల దారిలోనే ఎక్కడో ఉంది. ఇంతలో మీటరు అద్దానికి మంచు పట్టి అంకె కనబడలేదు. తుడవడానికి ముక్కున ఉన్న రుమాలు విప్పాను. విప్పి, సీటు వెనక్కి వంగానో లేదో, పిడుగులాంటి తుమ్ము వచ్చింది. దిగితే ఆగింది, ఎక్కితే మొదలైంది. "ఇంజినీరు గారూ, బండి చూడండి, శకునాలు తర్వాత చూసుకోవచ్చు" అన్నారు బాబాయి.

నేను ఆ ముక్కునే నమ్ముకుని, తుమ్ములు ఎక్కువయ్యే వైపు పాకాను. సీటు వెనక మూలన తీగలు కలిసే ప్లగ్గు ఒకటి ఉంది. దాని మీది మూత తీశాను. లోపల ఎర్రగా, చెమ్మగా, పైన పొడిపొడిగా ఏదో ఉంది. 'తుప్పు' అని శాస్త్రీయంగా నిర్ణయించి, వేలితో గీరి, తుమ్ములకు నీళ్ళు కారుతున్న కన్ను అదే వేలితో తుడుచుకున్నాను. తర్వాత నేను వేసిన కేకకు కాకులు లేచిపోయాయని బాబాయి చాలాకాలం చెప్పుకున్నారు.

మామ్మ మజ్జిగ చెంబుతో పరుగెత్తుకొచ్చారు. "అయ్యో నాయనా, అది నేను పెట్టిన కొరివికారం! పోయినేడు ఎలకలు తీగలు కొరికి బండి ఎన్నాళ్ళు మూలపడిందో! అందుకే కాస్త కూరి, పైన పొడికారం చల్లాను. మొన్న తగ్గిందని ఇంకో గరిటె వేశాను."

బాబాయి నెత్తిన చేతులు పెట్టుకున్నారు. "ఎలకలకి కారం పెడితే పెట్టావు, అందులో ఉప్పెందుకే అమ్మా?"

"ఉప్పు లేకపోతే కారం నిలవుంటుందేమిట్రా? బూజు పట్టిపోదూ?"

ఎంత మాట! ఆ ఉప్పే తెల్లవారుజామున తడి పీల్చి రెండు తీగల్నీ కలిపేస్తోంది. ఎండకు ఆరి, మధ్యాహ్నానికి నన్ను వెర్రివాణ్ణి చేస్తోంది. ప్లగ్గు కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి కొలిచాను: అరవై. ఆ తడిగాలిలోనే బకెట్ పైకి లేచింది. బాబాయి విజిలేశారు, మామ్మ బండికీ నాకూ కలిపి దిష్టి తీశారు. (దిష్టికి వాడినవి ఎండుమిరపకాయలు. మళ్ళీ తుమ్మాను.)

సారుకు ఫోను చేశాను. "కారణమేంటోయ్?" అన్నారు. "కొరివికారమండి." "ఏ కంపెనీది?" "కంపెనీది కాదండి, మామ్మ గారిది." అటువైపు షెడ్డు షెడ్డంతా నవ్వు. నాన్న షరతు ప్రకారం ఆయనే స్వయంగా నాన్నకు ఫోను చేసి జరిగింది చెప్పారు. సాయంత్రం నాన్న నాతో అన్నది ఇంతే: "కాటా దగ్గరికి వేరే మనిషిని పెట్టుకున్నాలే. ఎంత దూరం పారిపోయినా నీకు అన్నం పెట్టింది మిరపకాయేరా!"

ఇప్పుడు నా షెడ్డులో ల్యాప్‌టాప్ తగిలిస్తే చాలు, బండి తన రోగాలన్నీ తానే చెప్పుకుంటుంది. అయినా తగిలించే ముందు ఒకసారి సీటు వెనక్కి వంగి గాలి పీలుస్తాను; మా కుర్రాళ్ళు చాటుగా నవ్వుకుంటారు. ఆ రోజు మామ్మ కట్టిచ్చిన జాడీ ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. అందులో ఏటా కొత్త కొరివికారం పడుతుంది. నేను తుమ్ముకుంటూనే నెయ్యి వేసుకుని తింటాను. అప్పుడప్పుడు, లోపమంతా ముక్కు ముందే పెట్టుకుని, ఆ ముక్కుకు రుమాలు బిగించి రెండు రోజులు గంభీరంగా మీటరు చూసుకున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వెనక నుంచి మెల్లగా వెళ్ళి, ఆ ముడి విప్పాలనిపిస్తుంది.