రైలు వచ్చేసరికి మేము దీపం చుట్టూ తిరుగుతున్నాం

ఆ రోజుల్లో మారిషస్‌లోని మా ఉత్తరాది ఊళ్ళలో కమిటీ లేకుండా ఏ పనీ మొదలయ్యేది కాదు, కమిటీ వేశాక ఏ పనీ పూర్తయ్యేదీ కాదు. స్వాతంత్ర్యం ఇంకా రాలేదు గానీ మీటింగులు మాత్రం ముందే వచ్చేశాయి. ప్రతి ఆదివారం ఎవరో ఒకరి వాకిట్లో బెంచీలు పడేవి, ఎవరో ఒకరు లేచి గొంతు సవరించుకునేవారు. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మా పెదమావయ్యే. ఊరంతా ఆయన్ని 'సెఫ్' అని పిలిచేది. మా క్రెయోల్ భాషలో స్టేషను మాస్టరుని అలా అంటారు. మావయ్య ఏనాడూ రైల్వేలో పనిచేసిన పాపాన పోలేదు, చెరకు తోటలో మేస్త్రీ. కానీ దొరల ప్రభుత్వం నష్టాలొస్తున్నాయంటూ ప్రయాణికుల రైలు ఆపేసినప్పటి నుంచి ఆయన నోట రైలు తప్ప మరో మాట లేదు. పంచదార బస్తాలు మోసే గూడ్సు బండి మాత్రం రోజూ మా హాల్టు ముందునుంచే కూతేసుకుంటూ పోయేది. అది వినబడినప్పుడల్లా మావయ్య అన్నం ముందు కూర్చున్నా చెయ్యి ఆపి, "బస్తాలకున్న విలువ మనకి లేదు" అనేవాడు. మా అత్తయ్యకి ఈ మాట విని విని ఎంత విసుగొచ్చిందంటే, బండి కూత వినగానే ఆయన కంటే ముందే ఆ వాక్యం తనే అనేసి కూర వడ్డించేది.

(మారిషస్ లాంటి దీవిలో మారుమూల ఎక్కడుంటుందని నవ్వకండి. ట్రియోలే ఊరివాళ్ళకి రోడ్డుంది, బస్సులున్నాయి. మాకు చెరకు తోటల మధ్య ఒక మట్టి దారి, ఆ దారిన దయ కలిగినప్పుడు వచ్చే ఒకే ఒక్క బస్సు. వానపడితే ఆ దయ కూడా ఉండేది కాదు.)

నిజానికి మా ఇంట్లో రైలు అవసరం మావయ్యకి కాదు, వాళ్ళమ్మకి, అంటే మా అమ్మమ్మకి. ఆవిడకి బస్సు పడదు. రెండో మలుపు తిరిగేలోగా పొద్దున తిన్నదంతా బయటికొచ్చేది. నిమ్మకాయ వాసన చూపించాం, కళ్ళు మూసుకోమన్నాం, ముందు సీట్లో కూర్చోబెట్టాం. చివరికి బస్సు పేరెత్తినా ఆవిడకి కడుపులో తిప్పడం మొదలైంది. పోర్ట్ లూయిస్‌లో ఉన్న మా పిన్నికి రైలు ఆగిపోయాక ఆడపిల్ల పుట్టింది. మంచాన పడ్డ అత్తగారిని వదిలి పిన్ని కదలలేదు, బస్సెక్కి అమ్మమ్మ వెళ్ళలేదు. పుట్టిన పిల్లకి కట్టాలని అమ్మమ్మ ఒక నల్లపూసల కడియం గుచ్చిపెట్టుకుంది. పిల్ల పెరుగుతోందని కబురొచ్చినప్పుడల్లా దాన్ని విప్పి మరో నాలుగు పూసలు చేర్చేది. "బిడ్డ చెయ్యి ఆగదు కదా" అని తనలో తాను అనుకునేది. ఆ మాట విన్నప్పుడు మాత్రం మావయ్య మీటింగుల మీద నాకున్న చిరాకు కాస్త తగ్గేది.

కాస్తే. ఎందుకంటే ఆ కమిటీకి సెక్రెటరీని నేను. అప్పటికి నాకు దీవి నడుమ ఎత్తు మీదున్న క్యూర్‌పైప్‌లో కొత్తగా గుమాస్తా ఉద్యోగం. వారమంతా ఆ పొగమంచులో, ఆ ముసురులో, తడి ఆరని చొక్కాలతో గడిపి, శనివారం ఇంటికొచ్చి వెచ్చగా పడుకుందామంటే, మావయ్య అర్జీ రాయమని కూర్చోబెట్టేవాడు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనేనట. ఆయన తెలుగులో మొదలుపెట్టి, భోజ్‌పురిలోకి దిగి, క్రెయోల్‌లో కోపం తెచ్చుకునేవాడు. అదంతా నేను వినయంగా ఇంగ్లీషులో పెట్టాలి. పెట్టాక చదివి వినిపిస్తే, "ఇందులో నా కోపమేదీ?" అనేవాడు.

ఒకసారి రైల్వే ఆఫీసుకి దండుగా వెళ్ళాం. బస్సు దారిలో చెడిపోయి, తోసి తోసి చెమటలు కక్కుకుంటూ ఆలస్యంగా చేరాం. అక్కడ టై కట్టుకున్న ఇన్‌స్పెక్టరుగారు అంతా ఓపిగ్గా విని, మీరు ఎలా వచ్చారని అడిగాడు. బస్సులో అన్నాం. మరి బస్సుందిగా అన్నాడు. మావయ్య మొహం చూడాలి. అయితే ఆ ఇన్‌స్పెక్టరు మంచివాడే. ఒక శనివారం గూడ్సుకి ఒక పాత ప్రయాణికుల పెట్టె తగిలిస్తామని, తను స్వయంగా వచ్చి ఎంతమంది ఎక్కుతారో చూస్తానని, పెట్టె నిండితే పైవాళ్ళతో మాట్లాడతానని మాటిచ్చాడు. బండి మాత్రం ఎక్కువసేపు ఆగదు, పోర్ట్ లూయిస్ రేవులో ఓడకి పంచదార అందాలి అని రెండుసార్లు చెప్పాడు. నాకు బాగా గుర్తు, రెండుసార్లు చెప్పాడు.

ఇక మావయ్యని పట్టడానికి లేకపోయింది. పెట్టె నింపాలి కదా. ఊరందరికీ రైలెక్కడం నేర్పాడు. నిన్నమొన్నటి దాకా రైలెక్కినవాళ్ళకే! చెరకు బండిని వాకిట్లో నిలబెట్టి, ఆడవాళ్ళు ముందు, కూరల గంపలు తర్వాత, ముసలివాళ్ళకి చెయ్యందించేవాళ్ళు పక్కన అంటూ రెండు వారాలు రిహార్సల్ చేయించాడు. అమ్మమ్మ ఒక్కసారి కూడా రిహార్సల్‌కి రాలేదు. రైలొచ్చాక ఎక్కుతానంది.

అంతటితో ఆగినా బాగుండేది. రామభజన లేకుండా శుభకార్యం ఎలా మొదలవుతుందని మావయ్యకి సందేహం వచ్చింది. హాల్టు ప్లాట్‌ఫారం మీద దీపం పెట్టి, బండి రాకముందు చిన్న భజన చేద్దామన్నాడు. మా భజన సంగతి తెలిసినవాడెవడూ ఆ మాట అనడు. మా వాళ్ళలో నిలువెత్తు ఇత్తడి కుందెలో దీపం వెలిగించి, దాని చుట్టూ వలయంగా చప్పట్లు చరుస్తూ తిరుగుతాం. ఒకసారి అడుగు కదిపాక మంగళం పాడేవరకూ వలయం తెగకూడదు. ఇల్లు అంటుకున్నా తెగకూడదు. ఆ నియమం పిల్లలందరికీ నేర్పింది మా అమ్మమ్మే. మధ్యలో దాహమని బయటికి జారబోయిన నా చెవి మెలేసింది కూడా ఆవిడే. నేను మావయ్యతో, బండి వేళకి వస్తే ఏం చేస్తాం అన్నాను. ఆయన జాలిగా నవ్వి, ఆ బండి పుట్టాక వేళకి వచ్చిందెప్పుడురా అన్నాడు. నిజంగానే రాలేదు.

ఆ శనివారం వేళకి వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు ఎక్కిన బండి మరి, రాక ఏం చేస్తుంది? అప్పటికి మా భజన గురువుగారు కళ్ళు మూసుకుని సీతమ్మ పెళ్ళి పాటలో ఉన్నారు. ఆ పాటలో విల్లు విరగడానికే చాలా సేపు పడుతుంది. పెట్టె మా ఎదురుగా ఆగింది. ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఊరు ఊరంతా గంపలు గోడవారన పెట్టి దీపం చుట్టూ తిరుగుతోంది. మావయ్య తిరుగుతూనే కనుబొమలతో గురువుగారికి సైగ చేశాడు. మూసిన కళ్ళకి కనుబొమలేం కనబడతాయి? గట్టిగా దగ్గాడు. అది భక్తి అనుకుని గురువుగారు గొంతు పెంచారు. ఇక వేరే దారిలేక మావయ్య అడుగు వేగం పెంచాడు, పాట తొందరగా అయిపోతుందని కాబోలు. ఆయన వెనక నేను, నా వెనక కూరగాయలమ్మే అత్తలు, అందరం పరుగులాంటి నడక. ఇన్‌స్పెక్టరుకి ఇది తన స్వాగత నృత్యమనిపించింది. ముచ్చటపడి చప్పట్లు కొట్టాడు. మా తాళానికి సరిగ్గా కలిపి కొట్టాడని కూడా చెప్పాలి.

గార్డు ఈల వేశాడు. నా పక్కన తిరుగుతున్నవాడు క్రెయోల్‌లో "ఆయో, ట్రేన్ ఆలే" అన్నాడు, రైలు వెళ్ళిపోతోందని. అది అందరికీ తెలుస్తూనే ఉంది. నేనూ చూశాను. ఇంగ్లీషు చదివినవాణ్ణి, సెక్రెటరీని, మూడు వారాలు బేరమాడి ఆ శనివారానికి సెలవు తెచ్చుకున్నవాణ్ణి, చప్పట్లు చరుస్తూ తిరుగుతూనే ఉన్నాను. చెవి మెలిపెట్టిన నొప్పి అంత గట్టిది.

అప్పుడు అమ్మమ్మ వలయంలోంచి బయటికి అడుగేసింది. దీపానికి ఒక్క దణ్ణం పెట్టి, గోడవారనున్న మూట చంకన పెట్టుకుంది. మావయ్య తిరుగుతున్నవాడల్లా నోరు తెరిచాడు.

"అమ్మా, మంగళం కాలేదు."

"భజన ఇంట్లో కూడా చేసుకోవచ్చు నాయనా. రైలు ఇంట్లోకి రాదు."

గార్డు దిగి ఆవిడకి చెయ్యందించాడు. పెట్టె మొత్తానికి ఆవిడొక్కతే ప్రయాణికురాలు, కిటికీ పక్కన కూర్చుని, మా వైపు చూడను కూడా చూడకుండా, ఇంజను వైపే చూస్తూ వెళ్ళిపోయింది. చివరి పెట్టె మలుపు తిరిగాక గురువుగారు మంగళం పాడి, కళ్ళు తెరిచి, బండి ఇంకా రాలేదా అని అడిగారు.

రైల్వే ఆఫీసు నుంచి జవాబు ఎలా వచ్చిందో మీరు ఊహించే ఉంటారు. ప్రజల సంగీతాభిరుచిని మెచ్చుకున్నారు, ప్రయాణావసరం మాత్రం కనబడలేదన్నారు. మావయ్య ఆ ఉత్తరాన్ని మడిచి పాత అర్జీల కట్టలో దోపాడు. ఆ తర్వాత అమ్మమ్మని వెనక్కి తేవడమెలాగని కంగారుపడ్డాడు. రైలు లేదు, ఆవిడ బస్సెక్కదు. టాక్సీ కోసం ఆయన ఊరంతా తిరుగుతుండగా ఒక మధ్యాహ్నం గూడ్సు మా హాల్టులో ఆగింది, ఆగనే కూడని చోట. చివర ఉన్న గార్డు పెట్టెలోంచి అమ్మమ్మ దిగింది. పోర్ట్ లూయిస్ స్టేషన్లో మూటతో వెళ్ళి కూర్చుందట. ఎంతమంది చెప్పినా లేవలేదట. ఆ గార్డే ఆవిణ్ణి గుర్తుపట్టి, 'గ్రాన్‌మేర్', అంటే అమ్మమ్మా అని పిలిచి, తన స్టూలు ఆవిడకిచ్చి తను నిలబడి వచ్చాడట. కడియం సరిపోయిందా అని మా అమ్మ అడిగింది. రెండు పూసలు ఎక్కువయ్యాయి, పిల్ల బక్కది అంది అమ్మమ్మ. అని కళ్ళొత్తుకుంది.

ఆ తర్వాత గూడ్సు బళ్ళు కూడా ఆగిపోయేదాకా, నెలకోసారి ఆవిడ అలాగే వెళ్ళొచ్చేది. ఉత్తరాదికంతటికీ రైలు తెస్తానని బయల్దేరిన మావయ్య బస్సులో నిలబడి వెళ్ళేవాడు. ఆ తర్వాత పట్టాలు పీకేశారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజున మావయ్య ఇస్త్రీ బట్టలు కట్టుకుని, కొత్త జెండా కింద నిలబడి, ఇది మన ప్రభుత్వం, ఇక రైలు వచ్చి తీరుతుంది, అర్జీ రాయరా అన్నాడు. పట్టాలే లేవు మావయ్యా అన్నాను. అవి కూడా అడుగు అన్నాడు. విసుక్కుంటూ రాశాను. అలా రాయించుకునేవాడు ఇప్పుడు లేడు.

ఇప్పుడు నాకు అప్పటి అమ్మమ్మ వయసు. శనివారం భజనలో దీపం చుట్టూ తిరుగుతుంటే, దూరంగా రోడ్డు మీద ఏ లారీ కూత వినబడినా నా కాలు ఒక్క క్షణం బయటివైపు తిరుగుతుంది. అడుగు మాత్రం పడదు. నా వెనక తిరిగేది ఆ పిన్ని కూతురే, తనూ అమ్మమ్మ అయింది. "నడు అన్నయ్యా, వలయం తెగుతోంది" అని వీపు మీద వేలితో పొడుస్తుంది. నడుస్తాను.