కోత పండుగకు తెచ్చిన సీసా

పొద్దున్నే జడ వేసుకోకముందే ప్రేమమణిగారు వెనక గది తలుపు తీస్తారు. ఆ చీకట్లో తాళ్ళకు వేలాడే వరిగడ్డి సంచుల మీద చిన్న స్ప్రేయర్‌తో నీళ్ళు చిలకరిస్తూ ఏదో కీర్తన సన్నగా పాడుకుంటారు. సంచి చిల్లుల్లోంచి తెల్లగా పుట్టగొడుగులు పొడుచుకొస్తే, పసివాడికి కొత్తగా వస్తున్న పళ్ళను చూసినట్టు వంగి చూస్తారు.

గుడివాడ దగ్గర పుట్టి, పెళ్ళయ్యాక పద్మారావు నగర్ వచ్చారు. బడిలో టీచరుగా రిటైరయ్యారు. భర్త పోయాక ఆయన గదిని ఖాళీగా చూడలేక అందులో ఈ పెంపకం మొదలుపెట్టారు. అమ్ముడుపోనివి డాబా మీద ఎండబెట్టి, మిక్సీలో పొడి చేసి సీసాల్లో పోసేవారు. పుట్టగొడుగుల్లో ఉండే బీటా గ్లూకాన్ అనే పదార్థం రోగనిరోధక శక్తికి మంచిదని ఫోన్లో చదివి, ‘ఇమ్యూనిటీ పెంచును’ అని సీసాలకు చీటీ అంటించారు. అప్పటినుంచే పొడికి గిరాకీ వచ్చింది. బేగంపేటలో ఒక దుకాణంవాళ్ళు సరుకు పంపమన్నారు కూడా.

కిందటేడు కోత పండుగకు ఒక సీసా చర్చికి తీసుకెళ్ళారు. ఆ రోజు అందరూ తెచ్చి అర్పించినవాటిని ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. వేలం వేసేది చర్చి పాటల బృందమైన క్వాయర్‌లో పాడే ఆషర్. అతని నోటికి అడ్డు లేదు.

“ఏందీ, గింత గుమ్మడికాయకు గంతేనా? అయ్యగారి పొట్టను చూసైనా జెర పెంచుండ్రి!”

పాస్టరుగారే ముందు నవ్వారు. తర్వాత ఆషర్ సీసా ఎత్తి చీటీ చదివాడు. “ఇది మేం క్వాయరోళ్ళం అందరం కలిసి వేలం పాడుతున్నం. మా యేసురాజన్నకు గిఫ్ట్!”

చప్పట్లు మోగాయి. యేసురాజు క్వాయర్‌లో బొంగురు గొంతుతో పాడే మనిషి. కిడ్నీలు చెడిపోతే అతని భార్య బ్యూలా తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఆమె ప్రేమమణిగారి పక్కనే కూర్చుని ఉంది.

“అక్కా, ఒకటడుగుతా, ఏమనుకోకు,” అంది మెల్లగా. “ఆయన మింగేవన్నీ ఇమ్యూనిటీ తగ్గించే గోళీలు. నా కిడ్నీని ఆయన ఒళ్ళు పరాయిదనుకొని పాడు చెయ్యొద్దని ఇస్తరు. మరి ఇది పెంచుతది కదా. తినొచ్చా?”

ప్రేమమణిగారు ఆషర్ చేతిలోని సీసా వైపు తిరిగారు.

“ఒకటోసారి!” అన్నాడు ఆషర్. “రెండోసారి!”

ఆమె లేచి నిలబడ్డారు. “ఆగు ఆషర్! అది యేసురాజుకి ఇవ్వొద్దు.”

“ఏందాంటీ, సొంత సరుకు మీదనే కోపమా?”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

“ఆ చీటీ మీద రాసింది నిజమైతే అతనికి చేటు. అబద్ధమైతే మీ అందరికీ మోసం. రెండింట్లో ఏదో నాకే తెలీదురా.”

వెనకనుంచి యేసురాజు గొంతు: “అయితే నాకు ఆ గుమ్మడికాయనే ఇప్పియ్యుండ్రి.”

ఈసారి ఆమె కూడా నవ్వేశారు, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు బ్యూలాతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. యేసురాజు ఈ పొడి జోలికి పోకూడదన్నాడాయన. కూరలో బాగా ఉడికిన పుట్టగొడుగులు తింటే మాత్రం భయం లేదన్నాడు. ప్రయోగశాలల్లో ఆశ కలిగించే ఫలితాలు ఉన్నా, ఈ పొడి తింటే జబ్బులు రావని చెప్పేంత రుజువు లేదని కూడా చెప్పాడు.

ఇంటికొచ్చి సీసాలన్నీ వేడినీళ్ళలో వేసి చీటీలు ఊడదీశారు. చీటీ లేని సరుకు వద్దన్నారు బేగంపేటవాళ్ళు. ఆమె మళ్ళీ చీటీ రాయలేదు. పొడి కొట్టడం మానేసి, తాజావే ఇరుగుపొరుగుకి ఇవ్వసాగారు. కూర రుచికి అలవాటుపడినవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆమె ఎలా ఉడికించాలో చెప్పి మరీ ఇస్తారు.

ఇప్పుడు ఆ గదిలో చోటు చాలక, వసారాలో కూడా పరదా కట్టి సంచులు వేలాడదీశారు. శనివారం కోసిన వాటిలో మొదటి పొట్లం బ్యూలా ఇంటికి వెళ్తుంది.