చెంగల్రాయప్ప చెంప

నగర్తపేటలో రెక్సిన్ సంచులు కుట్టే చెంగల్రాయప్ప రోజూ నున్నగా గడ్డం గీసుకుంటాడు. సోకు కోసం కాదు. గాలి నింపిన సంచి పొడుగునా తడి చెంప ఆనించి, చల్లగా తగిలిన చోట చిల్లి పట్టేస్తాడు. సర్ఫింగ్ పడవ నడిపే పల్లవి, పడవ వెనక పెద్ద అల లేవడానికి బరువుగా పెట్టే నీళ్ల సంచిని మూడోసారి తెచ్చింది.

"మళ్ళీ కారతా ఉండాదన్నా. రేపు బుకింగులుండాయి!"

చెంప ఆనించాడు. "నా అతుకు గట్టిగానే ఉండాదమ్మా. ఇది కొత్త చిల్లి."

చిల్లి పక్కనే, బాగుచేసిన ప్రతి సంచికీ దిష్టి తగలకుండా చెంగల్రాయప్పే కట్టే నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. వాటిని గుచ్చిన ఇనపతీగ కొస సంచివైపే తిరిగి ఉంది. చెంగల్రాయప్ప చిన్నగా దగ్గి, చిల్లికి అతుకేశాడు. తీగ పీకేసి, అదే నిమ్మకాయను నూలుదారంతో మళ్ళీ కట్టాడు.

"ఇంకా ఎందుకన్నా అది?"

"దిష్టి తగలకుంటే తీగెట్లా పొడిచిందమ్మా?"