అక్క ఎడమ దవడ

కళకు వయసుతో పనిలేదని సభల్లో తేలిగ్గా అనేస్తారు. అన్నవాళ్లెవరూ యాభై దాటాక పెన్సిలు పట్టి చూసినట్టు లేరు. మా వీధి టైలరమ్మ పట్టింది. పట్టక తప్పలేదు.

ఆమె అక్కకు ఎడమ దవడలో గడ్డ లేచింది. ఎముకతో సహా తీసేయాలనీ, ముఖం మునుపటిలా ఉండదనీ డాక్టరు ముందే చెప్పేశాడు. అక్క కన్నీళ్లు పెట్టుకోలేదు.

"ఈ ముఖం ఉండగానే నా బొమ్మ వెయ్యవే. ఫోటోల్లో పోలీసులు వెతుకుతున్నదానిలా ఉంటాను" అంది.

చెల్లెలు వెంటనే రంగులు కొనేసింది. ఏ గుడ్డకు ఏ దారమో దూరం నుంచే చెప్పగల మనిషి, రంగులంటే భయమేముంది? బొమ్మ చూడముచ్చటగానే వచ్చింది. కాకపోతే అందులో ఉన్నది ఎవరో పరాయి ఆడమనిషి. మళ్లీ వేస్తే ఆ పరాయి మనిషే ఇంకో చీర కట్టుకుని వచ్చింది.

రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన ఇంటి వరండాలో పాఠాలు చెబుతాడు. నేర్చుకుందామని వెళ్లిన చెల్లెలి రంగుల డబ్బాను అలమరలో పెట్టి తాళం వేశాడు.

"ముందు గీత రావాలమ్మా."

"సోమవారం ఆపరేషనండీ."

"అయితే ఇవాళే మొదలుపెట్టండి."

గుడ్డు, గ్లాసు, గిన్నె, ఇవే గీయించాడు. గిన్నె అంచు గుండ్రంగా గీసినప్పుడల్లా ఆయన చెరిపేసేవాడు. "గుండ్రమని మీకు తెలుసు. కూర్చున్నచోటి నుంచి అలా కనబడుతోందా?"

"అక్కడ మా అక్క దవడ పోతుంటే నాకీ గిన్నెల గోలేంటి మాస్టారూ?"

ఆయన గిన్నెను పక్కకు జరిపాడు. ఆమె గీసి తెచ్చిన అక్క ముఖాన్ని ముక్కు మీదుగా నిలువునా మడిచి వెలుతురుకు పట్టాడు. కన్ను కన్ను మీద, దవడ దవడ మీద అతికినట్టు కూర్చున్నాయి.

"మీరు బొమ్మ గీయడం లేదమ్మా. జాకెట్టు కత్తిరిస్తున్నారు."

ప్రేమకొద్దీ అక్క వంకరలు దిద్దిందని కొందరు కరిగిపోవచ్చు. అంత లేదు. గుడ్డను మడతేసి ఒకవైపు కత్తిరిస్తే రెండోవైపు దానంతటదే వస్తుంది. ఏళ్ల తరబడి బతుకునిచ్చిన ఆ అలవాటే చేతిని ఆడించింది. అక్క కుడి కనుబొమ పైకి ఉంటుందనీ, ముక్కు పక్కకు వాలుతుందనీ కళ్లు చూస్తూనే ఉన్నా చెయ్యి వినలేదు.

సోమవారం ఉదయం ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని పెన్సిలు తీసింది. ఏ క్షణమైనా పిలుస్తామని నర్సు చెప్పి వెళ్లింది.

"కదలకక్కా."

"రేపట్నుంచి ఎలాగూ కదపలేను. ఇవాళైనా మాట్లాడనీ."

కుడివైపు అయింది. ఎడమ కన్ను దగ్గర చెయ్యి మళ్లీ పాతదారి పట్టింది. చెరిపి, తలెత్తి చూసి, మళ్లీ గీసింది. ముక్కు కుదిరింది. దవడ మొదలుపెట్టేలోపే నర్సు చక్రాల కుర్చీ తోసుకొచ్చింది.

అక్క కాగితం లాక్కుని చూసింది. "ముక్కు ఇంత వంకరా? ఇన్నేళ్లలో ఒక్కరోజన్నా చెప్పావటే?"

"దవడ కాలేదక్కా."

అక్క కాగితం తిరిగి ఇచ్చేసి నర్సు వైపు చూసింది. "నాకు భయంగా ఉందమ్మా. కాసేపు కూర్చోనివ్వు."

అది సాకో నిజమో చెల్లెలికి అంతుపట్టలేదు. నర్సు కుర్చీకి బ్రేకు వేసి నిలబడింది; ఆలోచించే వ్యవధి లేదు. అక్క తన ఎడమ చెంపను కిటికీ వైపు తిప్పింది.

"వాపు లేకుండా గీయనా?"

"దాన్ని తీసే పని డాక్టరుది. నువ్వు ఉన్నది గీయి."

చెవి కింద మొదలై, వాపు దగ్గర బయటికి తోసుకొచ్చి, గడ్డం దగ్గర లోపలికి తిరిగిన గీత. నర్సు కుర్చీ బ్రేకు తీసేసరికి పెన్సిలు గడ్డం చేరింది.